బడే మామూ పర్మిట్



పోయిన రంజాన్‌కు ముందు జహీరాబాద్‌లోని మా పాత ఇల్లు సాఫ్ చేస్తుంటే, నానీ సందూక్ అడుగున నాలుగు మడతల కాగజ్ ఒకటి దొరికింది. మడతల దగ్గర చినిగిపోతే ఎవరో వెనక నుంచి పేపర్ ముక్కలు అతికించారు. 1951 నాటి పర్మిట్‌కు టైపు చేసిన నకలు అది. మా నానీ వాళ్ల అన్న, ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ బడే మామూ, కరాచీ నుంచి తను పుట్టిన ఊరికి రావడానికి తీసుకున్న ఇజాజత్. గడువు పెంచమని దరఖాస్తు పెట్టినప్పుడు జత చేసిన నకలు అయ్యుంటుంది. దాంట్లో నా చూపు ఒక్క లఫ్జ్ దగ్గర ఆగిపోయింది. టెంపరరీ. అంటే తాత్కాలికం.

నానీ ఈ కిస్సా ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో ఆపేసేది. "భాయ్‌జాన్ కాగజ్ పే ఆయే, కాగజ్ పే చలే గయే." కాగజ్ మీద వచ్చాడు, కాగజ్ మీద పోయాడు. చిన్నప్పుడు మాకు అది సమఝ్ కాలేదు. ఇప్పుడు ఆ కాగజ్ చేతికి వచ్చాక ఒక సవాల్ మొదలైంది. దీన్ని పుట్టించింది ఎవరు? పుట్టించినవాళ్లను నిలబెట్టి ఎవరైనా అడిగారా? రాజ్యాంగ సభ చర్చలు, ఆనాటి ఖానూన్లు, సుప్రీం కోర్టు తీర్పులు కూర్చుని చదివాను. నాకు తెలిసింది మీతో పంచుకుందామని ఈ రాత. ఎందుకంటే ఇట్లాంటి బడే మామూ మీ ఖాందాన్‌లో కూడా ఒకరు ఉండే ఉంటారు.

ముందు మా ఊరి సంగతి. ఇవాళ సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్ అప్పుడు హైదరాబాద్ రియాసత్‌లోని బీదర్ జిల్లాలో తాలూకా. 1956లో రాష్ట్రాలను మళ్లీ విభజించినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైనప్పుడు షోలాపూర్ నుంచి బయలుదేరిన ఫౌజ్ నల్దుర్గ్, హుమ్నాబాద్ మీదుగా మా సడక్ మీదనే హైదరాబాద్ వైపు నడిచింది. మా దగ్గర దారిలో పెట్టిన మందుపాతరలు తీసేయడానికి కాసేపు ఆగి, 16వ తేదీ రాత్రికి జహీరాబాద్ దాటింది. 17న నిజాం లొంగిపోయాడు.

ఆ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్రం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. వాళ్లు నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని రాశారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌ల పక్కన మా బీదర్ పేరు పెట్టారు. హుకూమత్ ఆ రిపోర్టును బయటపెట్టలేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, మరుసటి సంవత్సరం ఢిల్లీలో "పాకిస్తాన్ పోయినవాళ్లు ఎందుకు పోయారు" అని వాదించుకున్న సభ ముందు ఆ రిపోర్టు లేదు.

అప్పుడు బడే మామూకు 22 ఏళ్లు. హైదరాబాద్ షహర్‌లో ఒక సర్కారీ దఫ్తర్‌లో గుమాస్తా. యాక్షన్ తర్వాత నౌకరీ పోయింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని, 1949 మొదట్లో బంబాయి పోయి జహాజ్ ఎక్కి కరాచీలో దిగాడు. "ఆరు నెలలు నౌకరీ చేసి పైసలు జమ చేసుకుని వస్తా" అని తల్లికి చెప్పి పోయాడట. ఆయన లెక్కలో అది హిజ్రత్ కాదు. మన ఇళ్లలో పిల్లలు ఇవాళ దుబాయి, రియాద్ పోయినట్టే.

కానీ ఆయన జహాజ్ ఎక్కేనాటికే తలుపు సగం మూసి ఉంది. 1947లో ఖౌఫ్‌తో సర్హద్ దాటిన ఉత్తరాది ముసల్మానుల్లో చాలామంది, కాస్త అమన్ కాగానే తిరిగి రావడం మొదలుపెట్టారు. వాళ్ల ఇళ్లలో అప్పటికే పంజాబ్, సింధ్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన హిందూ, సిక్కు శరణార్థులు ఉంటున్నారు. ఆ పరేషానీలో 1948 జూలైలో పర్మిట్ పద్ధతి వచ్చింది. ఆ నెల 19న ఆర్డినెన్స్, నవంబర్‌లో ఇంకో ఆర్డినెన్స్, 1949 ఏప్రిల్‌లో చట్టం. మొదటి తొమ్మిది నెలలు ఆర్డినెన్సులతోనే గడిచాయన్నమాట. పర్మిట్‌లలో రకాలు ఉండేవి. చూసిపోవడానికి తాత్కాలికం, తిజారత్ చేసేవాళ్లకు పదేపదే రాకపోకలకు ఒకటి, దేశం గుండా దాటి వెళ్లడానికి ఒకటి, తిరిగి వచ్చి స్థిరపడటానికి శాశ్వతం. పాకిస్తాన్ కూడా అదే సంవత్సరం తన వైపు నుంచి పర్మిట్ పెట్టింది. రెండు వైపులా తాళాలు పడ్డాయి.

ఇక అసలు బహస్. 1949 ఆగస్టు 10, 11, 12 తేదీల్లో రాజ్యాంగ సభ పౌరసత్వం మీద కూర్చుంది. ఇంకొక్క ఆర్టికల్ తప్ప, ఈ ఆర్టికల్ పెట్టినంత తలనొప్పి డ్రాఫ్టింగ్ కమిటీకి ఇంకేదీ పెట్టలేదని అంబేద్కర్ మొదటే చెప్పారు. ఇవాళ మనం ఆర్టికల్ 7 అంటున్నది అక్కడ పుట్టింది. దాని సారాంశం ఇది: 1947 మార్చి 1 తర్వాత ఇక్కడి నుంచి పాకిస్తాన్‌కు వలస పోయినవాళ్లు భారత పౌరులు కారు. కింద ఒక మినహాయింపు: పునరావాసానికో, శాశ్వతంగా తిరిగి రావడానికో ఖానూన్ ప్రకారం ఇచ్చిన పర్మిట్‌తో వచ్చినవాళ్లకు ఇది వర్తించదు.

బహస్ అంతా ఆ మినహాయింపు మీదే గరమ్ అయ్యింది. యునైటెడ్ ప్రావిన్సెస్ నుంచి వచ్చిన జస్పత్ రాయ్ కపూర్ దాన్ని అసహ్యకరమైన క్లాజు అన్నారు. ఒకసారి ఆ దేశానికి వఫాదారీ మార్చుకుని పోయినవాళ్లకు మళ్లీ పౌరసత్వం ఏమిటి, వాళ్ల ఆస్తులు తిరిగి ఇవ్వాల్సి వస్తే శరణార్థులు ఎక్కడికి పోవాలి అన్నది ఆయన వాదన. సర్దార్ భూపిందర్ సింగ్ మాన్ ఇంకా కటువుగా మాట్లాడారు. పంజాబ్‌లో వాళ్లు చూసిన తబాహీ ఆ మాటల వెనక ఉంది, దాన్ని మనం చిన్నచూపు చూడకూడదు. పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ ఇంకో సవరణ పెట్టారు. ఏ ఇతర దేశ పౌరుడూ కాని ప్రతి హిందువుకూ, ప్రతి సిక్కుకూ, ఎక్కడ ఉన్నా, ఇక్కడ పౌరసత్వ హక్ ఉండాలని.

జవాబ్ చెప్పినవాళ్లలో గోపాలస్వామి అయ్యంగార్ ఒకరు. శాశ్వతంగా రండి అని మన సర్కారే రాసిచ్చిన మనిషిని, వచ్చాక నువ్వు పౌరుడివి కాదు అంటే మన జబాన్‌కు విలువ ఏముంది అన్నట్టుగా ఆయన వాదించారు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మజహబ్‌ను బట్టో, జాతిని బట్టో మనుషుల మధ్య ఫరఖ్ చూపించలేమని, సెక్యులర్ రాజ్యానికి మాట ఇచ్చామని గుర్తు చేశారు. బిహార్ మెంబర్ బ్రజేశ్వర్ ప్రసాద్ ముసల్మానుల తరఫున సూటిగా మాట్లాడారు. ఖౌఫ్‌తో పోయినవాడి పౌరసత్వం ఎందుకు తీసేయాలి అన్నారు. చివరి రోజు నెహ్రూ లేచారు. అట్లాంటి పర్మిట్ దొరికినవాళ్లు చాలా కొద్దిమంది, వాళ్లనూ బాగా పరిశీలించాకే ఇస్తున్నామని చెప్పారు. ఇన్సాఫ్ చేయడాన్ని బుజ్జగింపు అనవద్దని కూడా అన్నారు. సవరణలు వీగిపోయాయి. మినహాయింపు నిలబడింది.

నిజం చెప్పాలంటే, ఇది చదువుతూ నాకు మొదట దిల్ నిండింది. దేశం రెండు ముక్కలై రెండేళ్లు కాలేదు. రక్తం ఇంకా ఆరలేదు. ఆ సభలో మనవాళ్లు పిడికెడు మంది. అయినా పోయి తిరిగి వచ్చిన ముసల్మాన్‌కు ఒక దర్వాజా ఉంచాలని ముసల్మాన్ కానివాళ్లే నిలబడి వాదించారు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి. ద్వేషించినవాళ్ల జాబితా ఒక్కటే చెప్తే అది తవారీఖ్ కాదు.

కానీ రెండోసారి చదివినప్పుడు రెండు సంగతులు గుచ్చుకున్నాయి.

ఒకటి. ఆ మూడు రోజులూ ఆ సభలో హైదరాబాద్ రియాసత్ తరఫున ఒక్క మెంబర్ లేడు. మన రియాసత్ రాజ్యాంగ సభకు ఎవరినీ పంపలేదు. రాజ్యాంగాన్ని ఒప్పుకుంటున్నట్టు నిజాం ఫర్మానా వచ్చింది ఆ నవంబర్‌లో, బహస్ అంతా అయిపోయాక. ఢిల్లీ గల్లీల సంగతి, లాహోర్ సంగతి, అస్సాం సంగతి చెప్పడానికి ఎవరో ఒకరు లేచారు. బీదర్ నుంచి నౌకరీ పోయి కరాచీ పోయిన కుర్రవాడి సంగతి చెప్పేవాడు లేడు. మాకు మెంబర్ దొరికింది 1952 ఎన్నికల్లో. బీదర్ నుంచి డాక్టర్ షౌకతుల్లా షా అన్సారీ లోక్‌సభకు పోయారు. అప్పటికి బడే మామూ కిస్సా సగం అయిపోయింది.

రెండు. సభ దర్వాజా ఉంచింది గానీ తాళంచెవి దఫ్తర్ చేతిలో వదిలేసింది. శాశ్వత పర్మిట్ ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో జవాబ్ ఇవ్వాలి, కాదంటే కారణం చెప్పాలా, ఆ కారణం మీద ఎక్కడ ఫిర్యాద్ చేసుకోవాలి? ఆ ఆర్టికల్‌లో వీటి గురించి ఒక్క మాట లేదు. ఖానూన్ ప్రకారం ఇచ్చిన పర్మిట్ అన్నారు, అంతే. మనిషి పౌరుడా పరాయివాడా అన్నది రాజ్యాంగంలో ఒక వాక్యం. ఆ వాక్యంలో అతను ఏ వైపు పడతాడన్నది ఒక గుమాస్తా బల్ల మీది ముద్ర.

బడే మామూ 1950లో శాశ్వత పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాడని నానీ చెప్పేది. ఊరి పెద్దలు ఇద్దరు, ఒకరు ముసల్మాన్, ఒకరు లింగాయత్ కోమటాయన, ఈ అబ్బాయి మంచివాడు, ఏ రజాకార్ల జోలికీ పోలేదు అని రాసి సంతకం చేశారట. ఆ కాగజ్ ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి తిరిగింది. సంవత్సరం దాకా అవునని లేదు, కాదని లేదు. ఈలోపు నానీ నికాహ్ కుదిరింది. చెల్లి షాదీకి అన్న లేకపోతే ఎట్లా? దొరికిన పర్మిట్ పట్టుకుని వచ్చాడు. అదే ఈ నకలు. రెండు నెలలకు ఇచ్చారు, ఒకసారి నెల రోజులు పెంచారు. మూడోసారి పెంచలేదు. బక్రీద్ ఇంకో వారం ఉండగా బయలుదేరి పోయాడు.

తాత్కాలికం అన్న లఫ్జ్ బదులు శాశ్వతం అని ఉంటే ఆయన ఆర్టికల్ 7 మినహాయింపులో పడేవాడు. జహీరాబాద్‌లో ముసలివాడయ్యేవాడు. మా ఖబ్రస్తాన్‌లో వాళ్ల అమ్మీ పక్కన ఉండేవాడు. రెండు మాటల మధ్య ఒక జిందగీ.

ఆ తర్వాత ఖానూన్ మారింది. 1952 అక్టోబర్ 15 నుంచి పర్మిట్‌ల స్థానంలో పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. పర్మిట్ చట్టాన్ని రద్దు చేశారు. ఆ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది: పర్మిట్ నేరం చేశాడన్న అనుమానం ఉంటే చాలు, పౌరుడినైనా సరే, కేంద్రం దేశం నుంచి పంపేయవచ్చు. 1954లో ఇబ్రాహీం వజీర్ మావత్ కేసులో సుప్రీం కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. దేశంలో ఉండే హక్‌ను అనుమానం మీద లాక్కోవడం చెల్లదని చెప్పింది. సభ పాస్ చేసిన మాటను న్యాయస్థానం ఒక్క తీర్పుతో తీసేసింది. మొదటే సభలో ఆ సెక్షన్‌ను ఎవరైనా గట్టిగా పట్టుకుని ఆపి ఉంటే ఎంతమంది మిగిలేవారో.

1957లో మా పెద్ద నానీ, అంటే బడే మామూ వాళ్ల అమ్మీ, మంచం పట్టింది. ఈసారి ఆయన పాకిస్తానీ పాస్‌పోర్టుతో వచ్చాడు. ఆమె ఇంతెఖాల్ అయ్యాక చాలీస్వా దాకా ఉండనివ్వమని అడిగాడు. గడువు అయిపోయింది, పోవాలి అన్నారు. వకీల్‌ను అడగాలని ఎవరికీ తోచలేదు. పాస్‌పోర్టు వాళ్లది ఉంటే ఇంక మాట్లాడేది ఏముంది అనుకున్నారు అందరూ.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇట్లాంటి కేసులు సుప్రీం కోర్టు దాకా పోయాయి. 1961లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, అబ్దుల్ ఖాదర్ కేసు. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సయ్యద్ మొహమ్మద్ ఖాన్ కేసు. పాకిస్తానీ పాస్‌పోర్టు మీద వచ్చినంత మాత్రాన రాష్ట్ర పోలీసులు, కింది కోర్టులు తమంతట తామే ఇతను పరాయివాడు అని తేల్చలేరని, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ముందు కేంద్రం విచారించి నిర్ణయించాలని కోర్టు చెప్పింది. బడే మామూ పోయింది రాజ్యాంగం రాకముందు కాబట్టి ఈ తీర్పులు ఆయనకు పనికొచ్చేవో కాదో నేను చెప్పలేను. కానీ అడగవచ్చు అన్న సంగతైనా ఆయనకు తెలిసి ఉండేది. అడగకుండానే పోయాడు.

జమీన్ సంగతి కూడా చెప్తాను, చాలా ఇళ్లలో ఇదే అసలు దర్ద్. 1950 నాటి ఎవాక్యూ ప్రాపర్టీ చట్టం, పాకిస్తాన్ పోయినవాళ్ల ఆస్తులను కస్టోడియన్ చేతికి ఇచ్చింది. పోనివాళ్లను కూడా పోబోతున్నాడు అని రాసి ఆస్తిని బిగించే వీలు దాంట్లో ఉండేది. ఇల్లు అమ్ముకున్నా అనుమానమే. దీని మీద పార్లమెంటులో, బయట విమర్శలు వచ్చాక 1953లో ఆ పోబోతున్నవాడు అన్న భాగాన్ని తీసేశారు. 1954 మే 7 తర్వాత కొత్తగా ఏ ఆస్తినీ ఎవాక్యూ ఆస్తిగా ప్రకటించకూడదని సవరించారు. మన షరీఅత్‌లో తండ్రి బతికి ఉండగా కొడుక్కు హిస్సా రాదు. మా పెద్ద నానా 1955లో పోయారు. అంటే బడే మామూ హిస్సా పుట్టేనాటికి ఆ తారీఖు దాటిపోయింది. 1957లో ఆయన ఆ హిస్సాను చెల్లెలికి హిబా చేసి వెళ్లాడు. మా మూడెకరాల చెరుకు చేను ఇవాళ మాకు ఉందంటే ఎక్కడో ఢిల్లీలో ఎవరో అడిగి మార్పించిన ఆ తారీఖు వల్లే. మా ఇంట్లో అది ఎవరికీ తెలియదు, అల్లా మెహర్బానీ అనుకున్నాం. అల్లా మెహర్బానీయే, కానీ మనుషుల సవాళ్ల ద్వారా వచ్చింది.

1965 జంగ్ తర్వాత ఖతూత్ ఆగిపోయాయి. 1968లో ఎనిమీ ప్రాపర్టీ చట్టం వచ్చింది. 2016లో దాన్ని సవరించడానికి ఐదుసార్లు ఆర్డినెన్స్ తెచ్చారు. రాజ్యసభ సెలెక్ట్ కమిటీలో కొందరు మెంబర్లు అసమ్మతి రాశారు. భారత పౌరులైన వారసులకు కూడా వారసత్వం లేకుండా చేయడం ఇన్సాఫ్ కాదని వాళ్ల వాదన. 2017 మార్చిలో ప్రతిపక్ష బెంచీలు ఖాళీగా ఉన్న పూట రాజ్యసభలో బిల్లు పాసైంది. 1949లో గరమ్ బహస్ చేసి ఓడినవాళ్లు కూడా కనీసం సభలో కూర్చుని ఓడారు.

సభలు అడిగితే ఏం వస్తుందో ఒక మిసాల్ చెప్తాను. పౌరసత్వ సవరణ బిల్లును మొదట 2016లో తెచ్చినప్పుడు ఉమ్మడి పార్లమెంటరీ కమిటీకి పంపారు. దీనితో వెంటనే ఎంతమందికి ఫాయిదా అని కమిటీ అడిగితే ఇంటెలిజెన్స్ బ్యూరో 31,313 మంది అని చెప్పింది. ఆ లెక్క 2019 జనవరి రిపోర్టులో అచ్చైంది. ఇవాళ రెండు వైపులవాళ్లూ వాదించేది ఆ అంకె పట్టుకునే. ఒక కమిటీ ఒక సవాల్ అడిగింది కాబట్టి దేశానికి అది తెలిసింది.

ఇప్పుడు 2025లో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టంతో సహా నాలుగు పాత చట్టాల స్థానంలో ఇదొక్కటే. మార్చి 27న లోక్‌సభ, ఏప్రిల్ 2న రాజ్యసభ పాస్ చేశాయి. జాయింట్ కమిటీకి పంపమని కొందరు మెంబర్లు కోరారు, పంపలేదు. నేను విదేశీయుడిని కాను అని రుజువు చేసుకునే భారం మనిషి మీదే ఉంచే పాత నియమం ఇందులోనూ ఉంది. ఏ దేశానికైనా సర్హద్ ఉంటుంది, దానికి పహరా ఉంటుంది, ఉండాలి కూడా. దాని మీద నాకు ఫిర్యాద్ లేదు. నా సవాల్ ఒక్కటే: తాళంచెవి ఎవరి చేతిలో ఉంది, అతన్ని అడిగేది ఎవరు?

అడిగే రాస్తా మనకు ఉంది. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు మంత్రులు నోటితో, 230 ప్రశ్నలకు రాతలో జవాబ్ ఇస్తారు. ఆ ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎవరో ఒకరు ఎంపీకి రాసిస్తే పుడతాయి. 2009 నుంచి జహీరాబాద్ పేరుతోనే మనకొక లోక్‌సభ స్థానం ఉంది. 1949లో బడే మామూకు లేనిది అదే. వీసా గడువుల మీద, వారసత్వ ఆస్తుల మీద, గల్ఫ్‌లో ఇరుక్కున్న పిల్లల మీద, మన మసీదు కమిటీలు, మహిళా సంఘాలు సంవత్సరానికి రెండు ప్రశ్నలు తయారు చేసి ఇవ్వలేవా? ఎంపీ ఏ పార్టీ అయినా సరే.

బడే మామూ కరాచీలోనే పోయాడు. ఖబర్ మాకు ఎనిమిది నెలల తర్వాత ఒక హాజీ సాబ్ ద్వారా వచ్చింది. నానీ ఆ రోజు మగ్రిబ్ తర్వాత ఈ సందూక్ తెరిచి చాలాసేపు కూర్చుందని అమ్మీ చెప్పింది.

నకలును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆయన పోయిన తేదీలు, వచ్చిన తేదీలు ఒక కాగజ్ మీద రాసి జత చేశాను. మీ ఇళ్లలోనూ సందూక్‌లు ఉంటాయి. చెదలు పట్టకముందే తెరవండి. పెద్దవాళ్లు ఉండగానే తారీఖులు అడిగి రాసుకోండి.

ఖుదా హాఫిజ్.